కెప్టెన్ థార్న్ సమ్మె కట్టిన సంగతి

మా పోర్ట్ హార్లన్‌లో ఉండేది రెండే రకాల మనుషులు. చెట్లు కొట్టేవాళ్ళు, చెట్లు కొట్టించేవాళ్ళు. లవీనియా ప్రూయిట్ ఈ రెండింటిలోనూ చేరలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆవిడ కథలు రాసేది. ఆ సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. నలభై దాటిన వితంతువు, ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె, అదే ఆపిల్ పై, బాగా చేస్తుంది, మీటింగులంటే పడి చస్తుంది. మావాళ్ళకి తెలిసింది ఇంతే. నెలనెలా న్యూయార్క్‌కి ఓ లావుపాటి కట్ట పోస్టు చేస్తుంటే, అల్లిక నమూనాలు పంపుతోంది కాబోలు అనుకున్నారు. మావాళ్ళ ఊహ అంతకంటే దూరం నడవలేదు.

ఆ కట్టల్లో షార్కులుండేవి. తుపాకులు, తుఫానులు, తిరగబడ్డ నావికులు ఉండేవారు. అవన్నీ పత్రికలో కెప్టెన్ ఆంబ్రోస్ థార్న్ పేరుతో అచ్చయ్యేవి. కథ పైన కెప్టెన్‌గారి ఫోటో కూడా వేసేవారు. గుండెల మీదికి జారిన గడ్డం, నోట్లో పైపు, మనల్నందర్నీ కాపాడ్డానికే పుట్టినట్టు ఓ చూపు. ఆ మనిషెవరో లవీనియాకే తెలియదు. వీధిలో పోతున్న గుర్రబ్బండివాణ్ణి ఎవణ్ణో లోపలికి పిలిచి టోపీ పెట్టి కూర్చోబెట్టి ఉంటారని ఆవిడ అనుమానం. పేరు పత్రికవాళ్ళది, గడ్డం బండివాడిది, రాత ఒక్కటే ఈవిడది. ఆడది రాసిందని బయట పొక్కితే ఆ రోజుతో సరి అని ముందే సంతకం కూడా పెట్టించుకున్నారు.

గడ్డం లేకపోతేనేం, ఆవిడకి అనుభవం మాత్రం దండిగా ఉంది. ఒహాయోలో పాస్టరుగారి కూతురు. పంతొమ్మిదో ఏట జుట్టు కత్తిరించేసుకుని, అన్న ప్యాంటు తొడుక్కుని, ఇంట్లోంచి ఉడాయించి, సీల్ జంతువుల వేటకి పోయే ఓడలో వంటవాడికి సహాయకుడిగా చేరింది. ఆ తర్వాత అలాస్కాలో బంగారం ఉందని లోకమంతా ఎగబడితే తనూ ఎగబడి, ఇనప పొయ్యి వీపున కట్టుకుని మంచుకొండ ఎక్కింది. బంగారం దొరకలేదు గానీ తిరుగుదారిలో ప్రూయిట్ దొరికాడు. అతను మా రేవులో పెద్ద ఓడల్ని లాగే టగ్‌బోటు నడిపేవాడు. రేవు దాటితే వాంతులు. అతను పోయాక ఊళ్ళోవాళ్ళు పరామర్శకి వచ్చి, "పాపం మీ ఆయన, సముద్రం మీద ఎన్నెన్ని చూశాడో!" అని నిట్టూర్చేవారు. "అవునండీ" అని ఈవిడ ఓ ఆపిల్ పై ముక్క కోసి పెట్టేది.

ఇక రాజకీయం. ఓడలో పురుగుల చిక్కుళ్ళు వండమంటే తోటివాళ్ళని పోగేసి గరిటె కింద పెట్టించిన రోజున అంటుకుంది ఆవిడకా జబ్బు, మళ్ళీ వదల్లేదు. ఆడవాళ్ళకి ఓటు కావాలని ఊరేగింపుల్లో తిరిగి, పోలీసు గుర్రం తొక్కితే కాలివేళ్ళు చితకగొట్టుకుంది. ఓటు వచ్చింది. ఆ ఊపులో సోషలిస్టుగా టౌన్ కౌన్సిల్‌కి నిలబడింది. ఆవిడ వేళ్ళు చితికితే ఓటు సంపాదించుకున్న మా ఆడంగులంతా బుద్ధిగా వెళ్ళి కలప మిల్లు యజమాని బావమరిదికి గుద్దొచ్చారు. ఆవిడ ఒక పూట తలుపు వేసుకుని కూర్చుంది. ఆ నెల కథలో షార్కు ఒక బావమరిదిని తినేసింది.

ఆ ఏడు చలికాలం యూనియన్ కుర్రాళ్ళు మా వీధి మూల ఖాళీ సబ్బుపెట్టె ఒకటి బోర్లించి, వేదికలా దాన్నెక్కి మాట్లాడటం మొదలెట్టారు. అడవిలో పని పన్నెండు గంటలేమిటి, దుప్పట్లు మేమే మోసుకెళ్ళడమేమిటి, పనిప్పిస్తామని డబ్బు దండుకునే దళారులెవరు, ఇలాంటి అప్రతిష్ఠ మాటలు. కౌన్సిల్‌వారికి ఒళ్ళు మండి, వీధుల్లో ఉపన్యాసాలు నేరమని చట్టం చేశారు. దేవుడి పాటలు పాడేవారికీ, నాటుమందులు అమ్మేవారికీ మినహాయింపు. అంటే బట్టతల మీద జుట్టు మొలిపిస్తానని అరిస్తే వ్యాపారం, దుప్పటి అడిగితే అల్లరి.

మా యూనియన్‌వాళ్ళకి ఇలాంటి చట్టాలంటే మహా ఇష్టం. వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది. ఒకడు పెట్టె ఎక్కి "మిత్రులారా" అంటాడు, బేడీలు పడతాయి. రెండోవాడు ఎక్కి "మిత్రులారా" అంటాడు, వాడికీ పడతాయి. అసలు ఉపన్యాసం ఏమిటో చెప్పాల్సిన అవసరం ఎవడికీ రాలేదు. జైలు నిండితే ఊరు దిగొస్తుందని సిద్ధాంతం. జైలు నిండింది. ఊరు దిగిరాలేదు. పాత ఐసు గోదాముకి కటకటాలు బిగించి అందులోకి తోసింది. మంచుగడ్డలు కరక్కుండా కట్టిన గోడలు కదా, లోపలి చలి లోపలే ఉంటుంది. పొయ్యి లేదు. తిండి రొట్టె, నీళ్ళు. ఇక మీద నోరు మూసుకుంటానని సంతకం పెడితే ఎవరింటికి వాళ్ళు పోవచ్చు. ఒక్కడూ పెట్టలేదు.

అందులో ఆర్విడ్ అని ఒక స్వీడన్ వాడున్నాడు, లవీనియా ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాడు. ఏటిలో దుంగలు తోలే పని. వాడి దగ్గు రెండు వీధుల అవతలికి వినపడేది. లవీనియా రోజూ సూపు గిన్నె పట్టుకుని గోదాము దగ్గరికి పోయేది, రోజూ తిప్పి పంపేవారు. ఇంకో నెల ఆ చలిలో ఉంటే వాడు బతకడని ఆవిడకి తెలుసు. సీల్ ఓడలో అలా దగ్గినవాళ్ళని గోనెసంచిలో కుట్టి నీళ్ళలోకి దించడం చూసిన మనిషి. వాణ్ణి ఆసుపత్రికి చేర్చాలి. మరి పోలీసు చీఫ్ ఎల్మర్ డిల్లార్డ్ ఒప్పుకోవాలి.

లోపలికెళితే ఏదో ఒకటి చెయ్యొచ్చని ఒక వానపొద్దున ఆవిడే సబ్బుపెట్టె ఎక్కి "మిత్రులారా" అంది. డిల్లార్డ్ పరుగున వచ్చాడు. వచ్చి టోపీ తీశాడు.

"వాన పడుతోందండీ మిసెస్ ప్రూయిట్. జలుబు చేస్తుంది, దిగండి."

"అరెస్టు చెయ్యవయ్యా ఎల్మర్."

"ఎంతమాటండీ! మా అమ్మ మంచాన పడితే మీ సూపు తాగే కదండీ లేచి కూర్చుంది!"

"ఆ సూపే ఆర్విడ్‌కి పొయ్యనీ."

"అది చట్టం ఒప్పుకోదండీ."

"అయితే నేను మాట్లాడటం ఒప్పుకుంటుందా?"

"మీరు మాట్లాడేది ఎవరు వింటున్నారు గనక?" అన్నాడు డిల్లార్డ్, ఎంతో మర్యాదగా. చంకలోంచి పత్రిక తీసి కోటు కింద దాచుకున్నాడు. "నేను పోవాలండీ. కెప్టెన్ థార్న్ ఈ నెల కథ సగంలో ఆపేశారు, ఇంకోసారి చదవాలి. మన హీరో జాస్పర్‌ని తెరచాప కొయ్యకి కట్టేశారు, కింద షార్కులు తిరుగుతున్నాయి. ఈ నెలంతా నాకు నిద్ర ఉండదు."

లవీనియా పెట్టె దిగి ఇంటికొచ్చింది. కోపంతో వచ్చింది గానీ గుమ్మం ఎక్కేసరికి మొహం వెలిగిపోయింది. ఊళ్ళో చెట్టు కొట్టేవాడు సమ్మె కడితే మిల్లు ఆగుతుంది. కథ కట్టేవాడు సమ్మె కడితే? న్యూయార్క్‌కి తంతి కొట్టింది. పోర్ట్ హార్లన్ జైల్లో చలికి చస్తున్నవాళ్ళని వదిలేదాకా కెప్టెన్ థార్న్ కలం పట్టడు, జాస్పర్ కొయ్యకే ఉంటాడు, ఈ మాట పత్రికలో వెయ్యండి అని.

పత్రికవాళ్ళు ఆ మాట వెయ్యలేదు. మరుసటి నెల సంచిక వేళకి వచ్చింది. గడ్డం వచ్చింది, పైపు వచ్చింది, కింద కథ కూడా వచ్చింది. ఎవణ్ణో కూర్చోబెట్టి రాయించేశారు. జాస్పర్ తాడుని పళ్ళతో కొరికి తెంచుకుని, సముద్రంలోకి దూకి, షార్కు ముక్కు మీద ఒక్కటిచ్చాడు. మిల్లులో సమ్మె చేస్తే బయటి నుంచి కూలీలని దింపుతారని ఆవిడే ఎన్ని కరపత్రాలు పంచిందో! కథకి కూడా బయటి కూలీ దొరుకుతాడని మాత్రం తట్టలేదు. ఇంకా ఘోరం, ఊళ్ళో ఒక్కడికీ తేడా తెలియలేదు.

"ఈ నెల కెప్టెన్‌గారు విజృంభించేశారు!" అన్నాడు డిల్లార్డ్ కొట్టు దగ్గర.

ఆవిడ అంత ఏడుపు ప్రూయిట్ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఏడిచి, మొహం కడుక్కుని, పత్రిక చేతపట్టుకుని మళ్ళీ వెళ్ళి పెట్టె ఎక్కింది. ఈసారి మిత్రులారా అనలేదు. గొంతెత్తి అంది:

"ఈ కెప్టెన్ థార్న్ ఉన్నాడే, వీడు లేడు! ఈ గడ్డం అద్దెది! పదేళ్ళుగా వీడి పేరున రాస్తున్నది నేను. ఈ నెలది మాత్రం నేను రాయలేదు, ఎవడో దొంగ కూలీ గిలికాడు!"

వీధి వీధంతా ఘొల్లుమంది. బార్లోంచి ఒకడు, "అయితే గడ్డం ఇంట్లో పెట్టొచ్చావా లవీనియమ్మా?" అని కేక పెట్టాడు. డిల్లార్డ్ మాత్రం నవ్వలేదు. ఎర్రబడ్డాడు.

"చూడండి, కౌన్సిల్‌ని తిట్టండి, మిల్లుని తిట్టండి, నన్ను తిట్టండి. కెప్టెన్‌గారి జోలికి పోకండి. నా కొడుక్కి ఆంబ్రోస్ అని పేరు పెట్టుకున్నానండీ!"

"తప్పు చేశావు. లవీనియా అని పెట్టాల్సింది."

ఇంకేముంది, బేడీలు పడ్డాయి. చట్టాన్ని ధిక్కరిస్తే పట్టించుకోనివాడు, బండివాడి గడ్డాన్ని అనేసరికి భరించలేకపోయాడు.

గోదాములో ఆడవాళ్ళకి వేరే గది లేదు. ఐసు మీద కప్పే రంపపు పొట్టు పోసే కొట్టులో ఆవిడని పెట్టారు. మధ్యలో చెక్కల తడిక, చెక్కల సందుల్లోంచి అవతల మగాళ్ళు కనిపిస్తారు. ఆర్విడ్ పొట్టు మీద పడుకుని ఉన్నాడు. దవడలు లోపలికి పోయాయి.

"సిస్టర్," అన్నాడు గుర్తుపట్టి, యూనియన్‌వాళ్ళ అలవాటుగా. "జాస్పర్ ఏమయ్యాడు?"

వాడికి ఇంగ్లీషు చదవడం రాదు. నెలనెలా ఆవిడే చదివి వినిపించేది. ఇప్పుడు చదవడానికి పత్రిక లేదు. ఆవిడ తడికకి ఆనుకుని నోటితోనే చెప్పడం మొదలెట్టింది, తను ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి. "తాడు కొరికాడని రాశాడు ఆ వెధవ. తారు పట్టించిన తాడు అది. కొరికితే పళ్ళు ఊడి చేతికొస్తాయి. జాస్పర్ ఏం చేశాడంటే..."

నడవలో స్టూలు కిర్రుమంది. డిల్లార్డ్ కూర్చున్నాడు. కథ రాజుకుని జాస్పర్ ఒక చెయ్యి విడిపించుకునేసరికి లవీనియా టక్కున ఆపేసింది.

"తర్వాత?" అన్నాడు డిల్లార్డ్.

"చలేస్తోంది ఎల్మర్. నోరు తిరగట్లేదు."

సాయంత్రానికి పొయ్యి వచ్చింది. మర్నాడు దుప్పట్లు వచ్చాయి. ఆ మర్నాడు సూపు వచ్చింది. తారు తాడు సంగతి తనకి అప్పుడే అనుమానం తగిలిందని డిల్లార్డ్ ఒట్టేశాడు. పిలుపు కూడా మారింది. "చెప్పండి కెప్టెన్‌గారూ," అనేవాడు, చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసుకుని.

కానీ ఆర్విడ్‌కి పొయ్యి చాలలేదు, జ్వరం పెరిగింది. ఆవిడ చివరి బేరం పెట్టింది. డాక్టర్ని పిలువు, వీణ్ణి ఆసుపత్రికి పంపు, కథ ముగింపు చెబుతాను.

డిల్లార్డ్ తల పట్టుకున్నాడు. "డాక్టరొస్తే జబ్బుందని రాస్తాడు. జబ్బుందంటే జైలు బాగాలేదంటారు. జైలు బాగాలేదంటే కౌన్సిల్ నన్ను ఇంటికి పంపుతుంది. నాకు పిల్లలున్నారు కెప్టెన్‌గారూ."

"అయితే కథ లేదు."

"మీరే చెప్పకుండా ఉండలేరు," అన్నాడు డిల్లార్డ్. నిజమే. రాసేవాళ్ళ బలహీనత పోలీసులకి కూడా తెలిసిపోయింది.

ఇక్కడ కలగజేసుకున్నాడు ఫినర్టీ. ఐరిష్ వాడు, నోట్లో నువ్వుగింజ నానదు, ఏ గదిలో ఉంటే ఆ గదికి అధ్యక్షుడు. "ఆగండి సిస్టర్! ముగింపు మీ సొంత ఆస్తి ఎలా అవుతుంది? ఇన్నాళ్ళూ విన్న మనందరిదీను. యూనియన్ పద్ధతిలో తీర్మానం పెట్టి ఓటేద్దాం!"

"ఔను, ఔను!" అన్నారు అంతా.

అక్కడ మనిషి ఊపిరి పీల్చలేకపోతుంటే వీళ్ళు సభ పెట్టారండీ! మావాళ్ళ సంగతి మీకు తెలియదు. మునిగిపోయే పడవలోనైనా సరే, నీళ్ళు తోడాలా వద్దా అన్న తీర్మానానికి ముందు బలపరిచేవాడు దొరకాలి.

తీర్మానం ఇది. జాస్పర్ ఓడ యజమాని కూతురు రోజలిండ్‌ని పెళ్ళాడి సుఖంగా ఉంటాడా, లేక నావికులంతా కలిసి ఓడని స్వాధీనం చేసుకుంటారా?

"పెళ్ళాడితే రేపు వాడూ యజమానే కదా బ్రదర్! మళ్ళీ పురుగుల చిక్కుళ్ళే కదా!"

"అయితే ఆ పిల్ల గతేంటి? కథ మొదట్నించీ ఏడుస్తూనే ఉంది!"

"అధ్యక్షా, సవరణ! పెళ్ళి జరగొచ్చు గానీ మామగారు సముద్రంలో పడాలి!"

"సవరణకి సవరణ!"

పొద్దున మొదలైన చర్చ రొట్టె వేళ దాటింది. లవీనియా తడిక మీద పిడికిళ్ళతో బాదింది. "మనిషి పోతున్నాడ్రా మీ మొహాలు మండ! మీకు సవరణలు కావాల్సొచ్చాయా!"

"క్రమం పాటించండి సిస్టర్," అన్నాడు ఫినర్టీ. అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ సభ తప్ప మరో ఆయుధం వాళ్ళ దగ్గర లేదని ఆవిడకి అప్పుడు అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు.

ఆర్విడ్ తడిక దగ్గరికి మొహం తిప్పి, ఆవిడకి మాత్రమే వినిపించేలా అన్నాడు. "పెళ్ళి చేసెయ్ సిస్టర్. ఓడ ఎవడిదైతే నాకేంటి. ఆ పిల్ల నవ్వితే చూడాలని ఉంది." ఆ తర్వాత కళ్ళు మూతపడ్డాయి.

చేతులెత్తారు. సగం పెళ్ళికి, సగం ఓడకి, సరిసమానం. కథ చెప్పేవారికి ఓటు లేదని ఫినర్టీ ముందే తేల్చాడు. నడవలోంచి ఇంకో చెయ్యి లేచింది. డిల్లార్డ్ స్టూలు మీద నిలబడి మరీ ఎత్తాడు.

"పెళ్ళికి! పెళ్ళికి! నాది కూడా లెక్కెయ్యండి!"

"సభ్యత్వం ఉందా?" అడిగాడు ఫినర్టీ. "చేరతారా చీఫ్‌గారూ? సంతోషంగా చేర్చుకుంటాం."

చెయ్యి దిగిపోయింది.

"ఇంకా ఒక్క ఓటు ఉంది," అంది లవీనియా. ఆవిడకి దారి కనిపించింది. "ఆర్విడ్‌ది. వాడు కళ్ళు తెరిచి, తన చెయ్యి తనే ఎత్తాలి. ఒకరి ఓటు ఇంకొకరు వెయ్యకూడదు. అంతే కదా ఫినర్టీ?"

"అంతే," అన్నాడు ఫినర్టీ. "వాడి ఓటు పడేదాకా జాస్పర్ ఎక్కడివాడు అక్కడే."

డిల్లార్డ్ పొట్టు మీద పడి ఉన్న మనిషిని చూశాడు. అన్నాళ్ళూ జైలు బాగానే ఉందనిపించిన కళ్ళతోనే చూశాడు గానీ, ఈసారి ఆ చెయ్యి లేస్తుందో లేదో చూడాల్సొచ్చింది. అది లేవదని తెలిసిపోయింది. "ఓరి దేవుడా," అన్నాడు. తాళం తీశాడు. ఎవర్నీ పిలవలేదు, ఎవర్నీ అడగలేదు. ఆర్విడ్‌ని భుజాన వేసుకుని వానలో ఆసుపత్రి వైపు పరుగెత్తాడు. తలుపు తెరిచే ఉంది. ఒక్కడూ పారిపోలేదు. ఓటు ఫలితం రావాలి కదా.

అందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. సవరణల ఊసు ఎవరూ ఎత్తలేదు.

డిల్లార్డ్ తిరిగొచ్చాడు. ఒళ్ళంతా తడిసి ఉంది. తడిక దగ్గర, లవీనియాకి ఎదురుగా నిలబడి టోపీ తీశాడు. తీసిన టోపీని ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు చేతులతో తిప్పుతూ ఉన్నాడు.

"ఓటు పడింది కెప్టెన్‌గారూ."

ఫినర్టీ లేచి నిలబడ్డాడు.

"ఓడకే," అన్నాడు డిల్లార్డ్. "ఓడ నావికులదే అన్నాడు. కళ్ళు తెరిచాడు. చెయ్యి ఇంత ఎత్తున లేపాడు. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. చాలా... చాలా గట్టిగా ఎత్తాడండీ. ఆ తర్వాతే పోయాడు."

ఫినర్టీ టోపీ తీశాడు. వెనక ఎవడో వెక్కాడు. పెళ్ళి కోసం స్టూలెక్కిన మనిషి, ఓడ నావికులదే అని ఇంకోసారి చెప్పి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

లవీనియా పదేళ్ళు అబద్ధాలు రాసి బతికిన మనిషి. పనితనం లేని అబద్ధం ఎదురైతే ఊరుకోదు, పత్రికవాళ్ళదైనా పాస్టరుదైనా అక్కడికక్కడే దిద్ది చేతిలో పెడుతుంది. ఇంత చేతకాని అబద్ధం ఆవిడ వినలేదు. డిల్లార్డ్ చెంపల మీదుగా కారుతున్నది వానో కాదో చూసింది.

"ఓటు నమోదు చెయ్యి ఫినర్టీ," అంది. పెళ్ళి చేసెయ్యమని ఆర్విడ్ తనతో అన్న మాట నోట్లోనే మింగేసి, గొంతు సవరించుకుని, నావికులు ఓడని స్వాధీనం చేసుకోవడం చెప్పడం మొదలెట్టింది.